దేవుడి మీదికి నెట్టిన తప్పు

మాదాపూర్‌లో కొత్త ఆఫీసు భవనాలు లేస్తున్న రోజుల్లో నేను ఒక కాంట్రాక్టర్ దగ్గర సూపర్‌వైజర్‌ని. ఆయన మా చర్చి పెద్ద కూడా. ఏం జరిగినా కళ్లు మూసుకుని "దేవుని చిత్తం" అనేవాడు.

ఒకరోజు పరంజా తాడు తెగి, పాలమూరు కూలీ ఒకతను ఐదో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. కాంట్రాక్టర్ అతని భార్య తల మీద చెయ్యి పెట్టి అదే మాట అన్నాడు. ఆమె ఆ చెయ్యి తోసేసింది.

"తాడు పాతదైందని మా ఆయన మూడు దినాల సంది మొత్తుకున్నడు. నువ్వే ఇనలే. గిందుల దేవుడెందుకొచ్చిండు సారూ?"

ఆయన నా వైపు తిరిగి, "పాపం, దేవుణ్ణి ఎరగని మనిషి. ప్రార్థన చేద్దాం" అన్నాడు.

తాడు సంగతి నాకూ తెలుసు. అయినా తల వంచాను. ఆయన ముగించగానే అలవాటుగా "ఆమెన్" అన్నాను.