గడప బయటి బూట్లు

ఈ సంగతిని రాసి ఉంచాలని మొన్న అటక దులుపుతున్నప్పుడు నిశ్చయించుకున్నాను. గోనెసంచిలో నాన్న గని బూట్లు బయటపడ్డాయి. నలభై ఏళ్ళు దాటినా వాటి తోలులో బొగ్గూ చెమటా కలిసిన వాసన పోలేదు. "ఇవెందుకు దాచినవ్ అమ్మమ్మా?" అని మనవరాలు అడిగింది. జవాబు చెప్పవలసిన మా వాడకట్టే ఇప్పుడు లేదు కనుక ఆ పని నా మీద పడింది.

గోదావరిఖనిలో మాది గని కార్మికుల క్వార్టర్ల వరుస. ఎదురెదురుగా ఇరవై ఇళ్ళు, మధ్యన ఒకే నీళ్ళ నల్లా. తెల్లవారగానే బొగ్గుపొయ్యిలను వాకిట్లోకి తెచ్చి రాజేసి, పొగ తగ్గి నిప్పులు ఎర్రబడిన తరువాతనే లోపలికి తీసుకుపోయేవారు. వానాకాలపు మక్కగారెల నూనెవాసన, బతుకమ్మ నాళ్ళలో తంగేడు, గునుగు పూల పచ్చివాసన, ఎండాకాలపు సాయంత్రం చల్లిన నీళ్ళకు లేచే మట్టివాసన, వీటన్నిటి మీదా పలుచగా పరచుకునే నల్లని దుమ్ము. ఆరేసిన తెల్లచీర తెల్లగా ఆరడం మా వాడలో ఎవరూ ఎరుగరు.

రాత్రి షిఫ్టు చేసి వచ్చినవారు బూట్లను గడప బయట విడిచి పడుకునేవారు. అవి బయట ఉన్నంతసేపు ఆ ఇంటి ముందు పిల్లలు అరవరాదు, పెద్దలు రోకలి పట్టరాదు. పదేళ్ళకే నాకు క్రమశిక్షణ మీద అమితమైన మక్కువ. అష్టాచెమ్మాను సైతం సైగలతోనే ఆడించేదాన్ని.

ఒకనాడు, మాకు బాబాయి వరసైన పక్కింటి మల్లయ్య కాక బూట్లు బయట ఉన్నాయి. అతని భార్య పెద్దపల్లిలో పుట్టింట ఉంది. పనికి నాగాలు ఎక్కువైనందుకు ఆ మధ్యాహ్నం మూడింటికి అతడు ఆఫీసులో విచారణకు హాజరు కావాలి. కాకపోతే నౌకరి పోతుంది. పరువుకు వెరచి అతడు ఎవరికీ చెప్పలేదని మాకు తరువాతనే తెలిసింది.

రెండింటికి నల్లా వచ్చే వేళకు నేను బిందెలన్నిటినీ వరుసలో పెట్టించి, ఎవరూ నోరు మెదపరాదని శాసించాను. ఎదురింటి సారక్క ఊరుకోలేదు.

"ఏందే పిల్లా, నల్ల కాడ లొల్లి లేకుంటే నీళ్ళు సప్పగుంటయే!"

"కాక పండుకున్నడక్కా."

"సరే పంతులమ్మా, మూస్తున్న నోరు."

ధార బిందెలో పడే చప్పుడు సైతం వినిపించకుండా నల్లాకు పాతగుడ్డ కట్టాను. అంతటి నిశ్శబ్దం మా వాడ అంతకుముందు ఎరుగదు.

నాలుగింటికి మల్లయ్య కాక ఉలిక్కిపడి బయటికి వచ్చాడు.

"ఇయ్యాల నల్ల రాలేదా?"

"వచ్చి పోయింది కాకా," అన్నాను గర్వంగా.

అతడు గడప మీద కూలబడ్డాడు. "నల్ల కాడి లొల్లికే నాకు మెలకువ అయితది బిడ్డా. మూడింటికి ఆఫీసుల ఉండాలె. నౌకరి పాయె."

సంగతి తెలిసి మరునాడు నాన్న నన్నూ కాకనూ ఆఫీసుకు తీసుకుపోయాడు. అధికారి కారణం అడిగితే కాక తలవంచుకుని "నిద్రవోయిన సార్" అన్నాడే తప్ప నా పేరెత్తలేదు. అది నేను భరించలేకపోయాను.

"నేనే సార్. నల్లకు గుడ్డ గట్టిన."

తప్పు ఒప్పుకోవడం నాకు అదే మొదలు. అధికారి విచారణ కాగితం మీది తేదీ కొట్టివేసి మరొకటి వేశాడు. "సోమవారం రండి. ఆ గుడ్డ మాత్రం విప్పెయ్యమ్మా."

సోమవారం మల్లయ్య కాక బూట్లు మళ్ళీ గడప బయటే ఉన్నాయి. రెండింటికి ఆ గడప ముందు నిలబడి బిందె మీద గరిటెతో కొట్టింది నేనే. నౌకరి నిలిచింది.

ప్రత్యేక రాష్ట్రం వచ్చిన ఏడాది ఆ వాడను చూడబోయాను. పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గని కోసం వరుసంతా ఖాళీ చేయించారు. నల్లా లేదు, గడపలు లేవు, ఉన్నది మట్టిదిబ్బ. పదేళ్ళ వయసులో నేను శాసించిన నిశ్శబ్దం ఇప్పుడక్కడ సంపూర్ణంగా ఉంది.

ఇళ్ళు ఇరవయ్యో ఇరవై రెండో, నల్లా రెండింటికో రెండున్నరకో, నా జ్ఞాపకం తప్పి ఉండవచ్చు. ఆ వరుసలో బతికినవారు దయచేసి దిద్దండి. గొంతు తగ్గించి చెప్పనవసరం లేదు.