రాతిపొడి కలిపిన పాకం

నేను మొండివాణ్ణి. ఆ మొండితనమే లేకపోతే తిరుపతిలో ఆ రెండేళ్లూ గడిచేవి కావు. ఎనభైల మొదట్లో అక్కడి ప్రయోగశాలలో ఎపాక్సీ జిగురు మీద పరిశోధన చేసేవాణ్ణి. ఆరాక రాయిలా గట్టిగా ఉంటుంది గానీ, ఒక్క దెబ్బకు గాజులా పగులుతుంది. సన్నటి రాతిపొడి కలిపితే ఆ రేణువులు అడ్డం తగిలి పగులు ఆగుతుందని నా నమ్మకం. చిత్తూరు దగ్గర రాళ్లు కోసే చోటు నుంచి పొడి తెచ్చి, పాత పంచెలో జల్లించి, ఎండబెట్టి, జిగురులో కలిపి అచ్చుల్లో కడ్డీలుగా పోసేవాణ్ణి. ఆ కడ్డీలన్నీ సుత్తి దెబ్బకు టపటపా విరిగేవి. పొడి కలపనివే నయమనిపించేది.

మా గైడు మంచివారే, ఓపికే అయిపోయింది. "నెలాఖరుకు ఒక్క కడ్డీ అయినా నిలవకపోతే ఇది మానేసి వేరే పని మొదలుపెట్టు" అన్నారు. రెండేళ్ల చాకిరీ చెత్తబుట్ట పాలంటే నాకు తిండి సయించలేదు.

ఆ ఆదివారం ఐరాల పక్కన మా ఊరికి వెళ్లాను. నాయన బెల్లం వండేవాడు. కాగుతున్న చెరకు పాల దగ్గర కూర్చుని, నా సంచిలోని విరిగిన ముక్క తీసి తిప్పి తిప్పి చూశాడు.

"రాయంతా అడుక్కి దిగిపోయిండాది. పైనంతా ఉత్త పాకమే. యాడ కలిసింది ఇది?"

"ఇది బెల్లం కాదులే నాయనా" అన్నాను విసుగ్గా.

ఆయన నొచ్చుకోలేదు. "పల్చటి పాకంలో చెనిక్కాయ పప్పులేస్తే యాడుంటాయి? అడుగునే. పాకం ముదిరినాక, ఇంకా జారేటప్పుడే పోస్తే యాడివి ఆడ్నే నిలుస్తాయి. నువ్వు తొందరపడి పోస్తాండావు."

తిరుగు బస్సులో దారి పొడుగునా ఆ ముక్కనే చూశాను. కింది సగం బూడిదరంగు, పై సగం తేనెరంగు. రెండేళ్లుగా కళ్లముందే ఉన్నా చూడలేదు. సిగ్గేసింది.

మర్నాటి నుంచి జిగురులో గట్టిపరిచే మందు కలపగానే పోసేయడం మానేశాను. పుల్లతో కలుపుతూ, పైకెత్తి తీగ సాగుతుందా అని చూస్తూ కూర్చునేవాణ్ణి. తిరుపతి ఎండలకు ఆ పదును రెండు నిమిషాలు కూడా నిలిచేది కాదు. కాస్త ఆలస్యమైతే గిన్నెలోనే వేడెక్కి, పుల్లతో సహా బిగుసుకుపోయేది. అలా పదకొండు గిన్నెలు పారేశాను. వేళ్లు బొబ్బలెక్కాయి. పన్నెండోది నెమ్మదిగా అచ్చులోకి జారింది.

అది గట్టిపడ్డాక గైడు సారే సుత్తి వదిలారు. కడ్డీ మీద సన్నటి పగులు వచ్చి సగంలో ఆగింది.

"ఎంతసేపాగి పోశావు?"

"తీగ సాగేదాకా సార్."

"అలా రాస్తే ఎవరొప్పుకుంటారు? గడియారం చూసి రాయి."

ఆయన చెప్పినట్టే నిమిషాల్లో రాశాను. సిద్ధాంత గ్రంథం మొదట్లో సార్‌కు, తోటివాళ్లకు, రాళ్లు కోసేవాళ్లకు కూడా కృతజ్ఞతలు చెప్పాను. బెల్లం వండేచోట నేర్చుకున్నానంటే నవ్వుతారని నాయన ఊసెత్తలేదు.

పుస్తకం తెచ్చి చూపిస్తే, చదువురాని నాయన చేతులు తుడుచుకుని తీసుకున్నాడు. "పాకం సంగతి రాసినావా అబ్బా?" అని అడిగాడు.

"రాసినాను నాయనా" అన్నాను. పాకం సంగతి రాసిన మాట నిజమే. ఆయన సంగతే రాయలేదు.