బావగారి ఎటాకులు

“ఏటి బావగారూ, మళ్ళీ ఎటాకేటి?” అన్నాను నేను. “కాదమ్మాయ్, గ్యాసు,” అన్నాడు ఆయన, గుండెల మీద చెయ్యి వేసుకుని. మా ఇద్దరి మధ్యా నడిచిన ఆఖరి మాటలు ఇవే. వాము నీళ్ళు కాచి తెచ్చేసరికి తాగేవాడు లేడు. బతికినన్నాళ్ళూ తుమ్మునీ దగ్గునీ కూడా ఎటాకన్న మనిషి, అసలుది వచ్చినప్పుడు మాత్రం గ్యాసన్నాడు. ఆయన తెలివి మొదటినుంచీ ఆ తీరే. (రాయవే పిల్లా, మీ తాతనే అంటున్నాను. మొహం అలా పెట్టకు.)

ఆ రోజుల్లో మా ఖరగ్‌పూర్‌లో ఇంగ్లీషు ముక్క ఒకటి నోట్లో ఉంటే చాలు, మనిషి నేల మీద నడిచేవాడు కాదు. మా ఆయన అన్నగారికి రైల్వే వర్క్‌షాపులో ఏ దొర పారేసి పోయాడో గాని, ఈ ఒక్క ముక్కా దొరికింది. దాంతోనే సంసారమంతా ఈడ్చాడు. మా అత్తగారికి వానాకాలంలో ఆయాసం వస్తే ఎటాక్. వంటింట్లో ఎలుకలు పడితే ఎటాక్. మీటింగులో ఒకడు ఇంకొకడిని తిడితే ఎటాక్. ఆదివారం మైదానం గట్టు మీద నిలబడి ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్ళకి “ఎటాక్! ఎటాక్!” అని గొంతు పోయేలా అరుపు (వాళ్ళలో ఒక్కడైనా తల తిప్పి చూడగా నేను ఎరగను). కంచంలో అన్నం పడగానే చేతులు రుద్దుకుని మళ్ళీ అదే మాట. ఆ ఒక్క యుద్ధంలో మాత్రం ఎన్నడూ ఓడిపోలేదు.

నేను సిక్కోలు వైపు నుంచి న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్‌కి కొత్త కోడలిగా వచ్చిన ఏడాదే యుద్ధం వచ్చిపడింది. ఇంట్లో నేను, మా ఆయన, అత్తగారు, బావగారు. బావగారి భార్య పురిటికి పుట్టింటికి వెళ్ళింది (మీ నాన్నని కనడానికే). రైల్వే ఊళ్ళ మీద బాంబులు వేస్తారని అనుకుంటున్నారు. మా క్వార్టర్ల వరసకి బావగారిని వార్డెన్ చేశారు, బాంబులొస్తే జనాన్ని దాచే పని. చేతికి ఎర్ర గుడ్డ కట్టి, మెడలో విజిలు వేస్తే ఇంకేం కావాలి ఆయనకి! మొట్టమొదట చేసిన ఘనకార్యం, నా తోటకూర మడిని తవ్వి దాక్కోవడానికి గొయ్యి తీయించడం. ఎర్ర మొరం నేల, గునపం దిగదు. దిగినంత మేర తవ్వించి, తానే అందులో పడుకుని కొలత చూసుకుని “ఠీక్ హై” అన్నాడు. ముసలి తల్లి అందులోకి ఎలా దిగుతుందన్న ఊహ ఆ బుర్రకి తట్టలేదు. వాన పడ్డాక కప్పలు దిగాయి, వాటికి వార్డెన్ అక్కర్లేకపోయింది.

మా ఊళ్ళో గడియారాలతో పని లేదు. వర్క్‌షాపు హూటర్ కూస్తే ఆడవాళ్ళు బియ్యం కడగాలి, మగవాళ్ళు సైకిలెక్కాలి, పిల్లలు లేవాలి. యుద్ధం వచ్చాక ఆ హూటర్‌నే సైరన్ కింద కూడా వాడుకున్నారు. ఒక్క తీరున కూస్తే డ్యూటీ. పడుతూ లేస్తూ కూస్తే ఎటాక్. ఈ తేడా తెలియజెప్పడానికి బావగారు వీధిలో ఆడవాళ్ళందరినీ నిలబెట్టి, నోటితో రెండు రకాలుగానూ కూసి చూపించేవాడు. (కుక్కలు శ్రద్ధగా నేర్చుకున్నాయి.) ఒకరోజు అందరి ముందూ నన్ను పట్టుకున్నాడు.

“అమ్మాయ్, ఎటాకంటే ఏటి?”

“అత్తకి వొచ్చే ఆయాసమండి.”

“ఇంకా?”

“బంతాట కాడ మీరు అరిసేదండి.”

ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. నేనన్న దాంట్లో అబద్ధమేముంది? కానీ ఆయన మొహం మాడిపోయింది. సాయంత్రం మా ఆయన రాగానే, “ఒరే తమ్ముడూ, దీనికి సదువూ నేదు, బుద్ధీ నేదు. విమానం వొస్తే గుమ్మంలో నిలబడి సూస్తాది, అందర్నీ సంపుతాది. దీన్ని మెయిలు బండెక్కించి పుట్టింటికి పంపీ. యుద్ధం అయినాక సూద్దాం,” అని తీర్పు చెప్పేశాడు. మా ఆయన ఏమన్నాడు? “అన్న సెప్పినాడు కదా,” అని మంచం కింద నుంచి నా రేకు పెట్టె లాగాడు. మగతనం అంతవరకే. పెళ్ళయి ఏడాది తిరక్కుండా పెట్టెతో పుట్టింట్లో దిగితే ఊరు ఏమనుకుంటుంది? మొగుడు వదిలేశాడంటుంది. యుద్ధమయ్యాక గుర్తుపెట్టుకుని పిలిచే మొగుడేనా ఇతగాడు? ఆ దిగులుతో అన్నం సయించేది కాదు. చెవులు మాత్రం హూటర్ మీదే పెట్టుకుని తిరిగాను.

నా ప్రయాణం రేపనగా, మా ఆయన పొద్దుటి డ్యూటీలో ఉన్నాడు. బావగారికి ఆ వారం మధ్యాహ్నం డ్యూటీ. టిఫిన్ క్యారేజీ సర్ది మేకుకి తగిలించాను. ఆయన చద్దన్నం మీద ఎటాక్ ముగించి వసారాలో గుర్రు పెడుతున్నాడు. హూటర్ కూసింది. నా చెయ్యి బియ్యం చేట మీదికి పోయింది. అంతలో ఆ కూత కిందికి పడి, మళ్ళీ లేచింది. చేట విసిరేసి, అత్తగారి చంకల కింద చేతులు వేసి ఎత్తి, కప్పల మధ్యకి దించాను. ఆవిడ చెవుల్లో దూది కుక్కి తల పైకెత్తి చూద్దును కదా, బావగారు! నిద్ర కళ్ళతోనే చొక్కా తగిలించుకున్నాడు, మేకు మీద క్యారేజీ అందుకుని హేండిల్‌కి వేశాడు, సైకిలెక్కేశాడు. చేతికి ఎర్ర పట్టీ, మెడలో విజిలు.

“బావగారూ! ఎటాక్! ఎటాక్!” అని అరిచాను.

“టైమైపోనాది, అడ్డు రాకండి!” అన్నాడు, వెనక్కి తిరక్కుండా.

వరసలోని గోతులన్నీ ఒక్కసారే “ఎటాక్” అని కేకలు పెట్టాయి. ఆయన బెల్లు కొట్టుకుంటూ పోయాడు. “ఒరే పెద్దోడా!” అని మా అత్తగారు ఏడ్చిన ఏడుపు ఆయన చెవిన పడనే లేదు.

ఎక్కడో విమానం చప్పుడు వినిపించింది, పోయింది. అది నిజమైనదో ఉత్తుత్తి ప్రాక్టీసో ఈనాటికీ నాకు తెలీదు. హూటర్ ఒక్క తీరుగా కూసి అంతా క్షేమమన్నాక, బావగారు సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. నడుం దాకా కాలువ బురద, చొక్కా మీద పప్పు. పక్కన జబ్బ పట్టుకుని వర్క్‌షాపు గేటు కాపలా బెంగాలీ దాదా. “మాథా ఖారాప్ నాకి, దాదా?” అని, బుర్ర గాని చెడిందా అని, ఇంకా తిడుతూనే ఉన్నాడు. ఊరంతా గోతుల్లో ఉంటే ఈయనొక్కడే మూసిన గేటు ముందు నిలబడి, లేటు మార్కు పడిపోతుంది, గేటు తియ్యమని గోల పెట్టాడట. దాదాయే ఆయన కాలర్ పట్టి, దాక్కోమని కాలువలోకి లాగాడట.

వరస వరసంతా గుమ్మాల్లో నిలబడింది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా అడిగాను: “బావగారూ, ఇది ఏ ఎటాకండీ?”

ఆయన అందరినీ ఓసారి చూశాడు. “కౌంటర్ ఎటాక్,” అన్నాడు.

మా అత్తగారు నవ్వీ నవ్వీ ఆయాసం తెచ్చుకుంది. ఊపిరి అందాక నా రేకు పెట్టెను కాలితో తన్ని, “దీన్ని మంచం కిందకి తొయ్యండి. నన్ను గోతిలో దించినది ఈ పిల్ల. ఈ పిల్ల ఎక్కడికీ ఎల్లదు. ఎల్లాలంటే పెద్దోడే ఎల్తాడు, ఆడికి దారి బాగా తెలుసు,” అంది. ఆ తర్వాత మెయిలు మాట ఎవరూ ఎత్తలేదు. ఆ గోతిలో మళ్ళీ తోటకూర వేశాను. ఏపుగా పెరిగింది.

ఇప్పుడు అత్తగారు లేదు, మా ఆయన లేడు, ఆ కూతకి పరుగెత్తిన వార్డెనూ లేడు. ఆయన్ని ఇంతలా ఆడిపోసుకుంటున్నానా, నిన్న పొద్దున్న హూటర్ మోగితే ఏం చేశానో చూశావు కదా. మోకాళ్ళు పట్టుకుని లేచి నలుగురికి సరిపడా బియ్యం కడిగేశాను. కడిగాక చేటకేసి చూసి నవ్వుకున్నాను.

చాలు, రాయడం ఆపు. ఏదీ, మొదటినుంచీ ఓసారి సదివి ఇనిపించు. గట్టిగా సదువు. మీ తాత సైకిలెక్కిన కాడ కొంచెం నెమ్మదిగా.