అమ్మ కాలికి శబ్ద వైద్యం

మా ఊళ్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ముందు అడిగేది ఒక్కటే, క్రియాటినిన్ ఎంతొచ్చింది అని. వజ్రపుకొత్తూరు పక్క మా చేపల ఊళ్లలో జ్వరమొచ్చినా, నడుం పట్టినా, ఆకలి మందగించినా కిడ్నీ పరీక్షకే పరిగెడతాం. మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు మా నాన్న ఎలా పోయాడో చూడలేదు. సముద్రం మీద పడవ నడిపిన మనిషి, డయాలసిస్ కోసం పలాస వెళ్లడానికి ఆటో ఎక్కాలంటే ఇద్దరి భుజాలు పట్టుకునేవాడు.

అందుకే అమ్మ కాలు నొప్పి అన్నప్పుడు నాకు ముందు కిడ్నీలే గుర్తొచ్చాయి. అమ్మ నెత్తిన చేపల గంప పెట్టుకుని జీడితోటల దారుల్లో ఊరూరా తిరిగి అమ్మేది. కొంతదూరం నడిచేసరికి ఎడమ పిక్క పట్టేసేది. గంప దించి నిలబడితే తగ్గేది. మళ్లీ నడిస్తే మళ్లీ పట్టేది.

"నడుత్తుంటే ఎవులో పిక్క పిండేత్తన్నట్టుందే. నిలబడితే ఏటీ నేదు" అనేది.

పలాసలో రక్తపరీక్ష చేయించాను. కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయన్నారు. ఆ మాట చెవిన పడ్డాక కాలి సంగతి ఎవరికి కావాలి? ఇంట్లో కోడి కోశాం. రావివలస వెళ్లి మల్లికార్జునుడికి కొబ్బరికాయ కొట్టాం. బస్సు దిగి గుడిదాకా నడిచేలోపే అమ్మ దారిలో కూలబడుతూ వచ్చింది. మోకాళ్లు అరిగాయని మా పిన్ని తేల్చేసింది, వాతమని మావయ్య తేల్చేశాడు. మా ఇంట్లో డాక్టర్లకు కొదవ లేదు.

వాళ్ల వైద్యం నడుస్తుండగానే అమ్మ ఎడమకాలి బొటనవేలికి చేపముల్లు గుచ్చుకుంది. ఆ పుండు మానలేదు. వేలు ముందు కందింది, తర్వాత నల్లబడింది. పడుకుంటే నొప్పి ఎక్కువవుతోందని మంచం మీంచి కాలు కిందికి వేలాడేసి కూర్చునేది. టెక్కలిలో డాక్టరు పాదం మీద వేళ్లు ఆనించి అటూ ఇటూ వెతికాడు. ఇక్కడ నాడి అందడం లేదు, వెంటనే విశాఖపట్నం తీసుకెళ్లండి అన్నాడు.

విశాఖ డాక్టరు మొదట అడిగిన ప్రశ్న, పొగ తాగుతావా అని.

"నేదు బాబూ" అంది అమ్మ.

అబద్ధం చెప్పాలని కాదు. మా వైపు ఆడవాళ్లు చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తారు. వాళ్ల లెక్కలో పొగ తాగడమంటే మగవాళ్లు తాగే బీడీ, సిగరెట్టు. నేనే చెప్పాల్సి వచ్చింది.

"అది సుట్ట కదేటి" అంది అమ్మ, నేనేదో పరువు తీసినట్టు.

ఆయన నవ్వలేదు. ఆ కాలికి రక్తం తీసుకెళ్లే నాళాలు మూసుకుపోయాయని, మోకాలి కింద మరీ సన్నగా ఉండటంతో స్టెంటుకీ ఆపరేషనుకీ వీలు కాదని చెప్పాడు. ఒక వైద్యం ఉంది, పిక్క మీద యంత్రం పెట్టి చెవికి వినిపించని శబ్ద తరంగాలు పంపుతాం, చిన్న నాళాల్లో రక్తం కాస్త పారవచ్చు, కొత్త పద్ధతి, మాట మాత్రం ఇవ్వలేను అన్నాడు. ఇంకో దారి కాలు తీసేయడం.

యంత్రం పెట్టే అమ్మాయి పిక్కకి చల్లని జెల్ రాసింది. స్కానింగ్ అనుకుని అమ్మ అడిగింది, "ఏటి కనబడింది పాపా?"

"ఇది చూడ్డానికి కాదమ్మా, బాగు చేయడానికి."

సూది లేదు, మంట లేదు. ఇదేం వైద్యమని అమ్మకి నమ్మకం కుదరలేదు. అయినా డాక్టరు చెప్పాడని చుట్ట మానేసింది. మానేసిన కోపమంతా నా మీద చూపించేది, కూరలో ఉప్పు దగ్గర్నుంచి నా చీర కుచ్చిళ్ల దాకా. నేనూ తక్కువ తినలేదు, తిరిగి అరిచేదాన్ని. ఒకరోజు ఆ పాదం పట్టుకుంటే నా అరచేతికి వెచ్చగా తగిలింది. ఆ రాత్రి కడుపునిండా తిన్నాను. ఆశకి సిగ్గుండదు.

పాదం వెచ్చబడింది గాని నలుపు ఆగలేదు. వేలి నుంచి పాదానికి, పాదం నుంచి చీలమండకి పాకింది. మోకాలి కింద కాలు తీసేశారు.

గాయం ఆరాక డాక్టరు మళ్లీ పిలిపించాడు. కుడికాలి నాళాలు కూడా సన్నబడ్డాయట. ఇంకా పుండు పడలేదు కాబట్టి ఇప్పుడే యంత్రం మొదలుపెడదాం అన్నాడు. అదే గది, అదే మంచం. అమ్మ చీర మోకాలి పైకి లాక్కుని అడిగింది.

"బాబూ, నాకు నడుత్తుంటే పిక్క పట్టినప్పుడే ఇది పెట్టుంటే ఆ కాలుండేదా?"

"అప్పుడే వచ్చి ఉంటే నిలబెట్టడానికి వీలుండేదమ్మా" అన్నాడు.

నిజం చెప్పే డాక్టర్లంటే నాకు గౌరవమే. ఆ పూట మాత్రం ఆయన అబద్ధం చెబితే దండం పెట్టేదాన్ని.

"పెట్టండి బాబూ" అంది అమ్మ.

యంత్రం నడుస్తున్నంతసేపూ ఆమె కళ్లవెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఆ అమ్మాయి కంగారుపడి యంత్రం మీద చెయ్యి వేసి, నొప్పి పుడుతోందా అని అడిగింది.

"నేదు పాపా" అంది అమ్మ. "ఏటీ తెలీడం నేదు."