పోశం మామకు స్క్రీన్ మీద వేసిన దండ

ఏ రోగమూ లేని ఒక నిండు కుటుంబాన్ని ఒకే మధ్యాహ్నం పైకి పంపించిన ఘనుడిని నేను. పోలీసు కేసేమీ కాలేదు లెండి. కానీ ఆ రోజు మహారాష్ట్ర చంద్రపూర్‌లోని ఆ హాల్లో ఉన్న తెలుగువాళ్లెవరూ ఇప్పటికీ తమ ఫోటో నా చేతికివ్వరు.

పోశం మామ మా పక్కింటాయన, పవర్ హౌస్‌లో ఫోర్‌మన్. ఆయన కూతురు సుజాతను పెళ్లి చేసుకోవాలని నాకు కోరిక. సుజాతకూ ఇష్టమే. మిగిలింది మామ ఒక్కడు. ఆయన రిటైరవుతుంటే మనవాళ్లంతా సన్మానం పెట్టారు.

"ఆ దినం బాపు ముంగట జర మంచిగ కనబడు. మిగిలింది నేను చూసుకుంట" అంది సుజాత.

నేను అప్పుడే కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. కొత్తగా బైకు నేర్చినవాడికి బ్రేకులు గుర్తుండవు చూడండి, అదీ నా స్థితి. మామవీ, ఆయన ఇంటివాళ్లవీ ఫోటోలు పెద్ద తెర మీద వేద్దాం, పైనుంచి బంతిపూల దండ జారి మామ మెడలో పడాలి అనుకున్నాను. కంప్యూటర్‌లో దీనికో మర్యాద ఉంది. ప్రతి ప్రోగ్రామూ తన విండో తాను తెరుచుకుని, గీసేదేదో అందులోనే గీసుకోవాలి. అంత ఓపిక నాకెక్కడిది? విండో గిండో లేకుండా దండను నేరుగా స్క్రీన్ మీదే గీసేశాను. చెరిగిపోతుంటే క్షణక్షణం మళ్లీ గీసేలా పెట్టాను. శుభమని కింద ఓ దీపం కూడా వెలిగించాను. ఇంట్లో మామ ఫోటో ఒక్కటే పెట్టి చూసుకుని, నా తెలివికి నేనే మురిసిపోయాను.

సన్మానం రోజు ముందు వరసలో శాలువాతో మామ, పక్కన అత్త, ఆ పక్కన మామ తల్లి రాజవ్వ కూర్చున్నారు. తెర మీద హెల్మెట్ పెట్టుకున్న మామ, ఆయన మెడలో జారిపడిన నా దండ! చప్పట్లే చప్పట్లు. మామ మీసం కింద నవ్వు కనిపించింది. పెళ్లి అయిపోయినట్టేననుకుని నొక్కాను, తర్వాతి ఫోటో వచ్చింది.

ఫోటో మారింది. దండ మారలేదు. ఇప్పుడు దండలో రాజవ్వ నిండు ముఖం, కింద మినుకుమినుకుమంటూ దీపం.

వెనకెవరో లేచి నిలబడి చేతులు జోడించారు. ఓ మరాఠీ పెద్దాయన బాధగా అడిగాడు: "అరేరే, ఆజీ కధీ గేల్యా?"

అవ్వ ఎప్పుడు పోయిందని! అవ్వ ఆయన ముందే కూర్చుని ఉంది.

"ఏందిరా శ్రీనూ, నేనెప్పుడు సచ్చిన్రా?" అంది రాజవ్వ.

కంగారులో ఇంకోటి నొక్కాను. అత్త పోయింది. "ఓ యమ్మో!" అని అత్త కేక. ఇంకోటి నొక్కాను. గోండ్‌పిప్రి నుంచి వచ్చి జిలేబీ తింటున్న మామ వాళ్లన్న పోయాడు, జిలేబీ చేతిలోనే ఉంది. ఇంకోటి నొక్కితే కుటుంబమంతా కలిసి దిగిన ఫోటో.

"అరే, ఆపురా! ఇంట్ల ఒక్కర్నన్న మిగల్నియ్యి!" అని మామ అరిచాడు.

"బంద్ చేస్తున్న మామా!"

"బంద్ చేస్తలేవు, సంపుతున్నవ్!"

ఎలా బంద్ చేయను చెప్పండి? విండో ఉంటే కదా, మూలన మూసే గుర్తు ఉండేది! ఫోటోలు మూసేస్తే ఖాళీ స్క్రీన్ మీద కూడా దండ, దీపం. ఎవరూ లేరు కాబట్టి ఇక కంప్యూటరే పోయినట్టుంది.

"ప్రొజెక్టర్ వైర్ పీకు, పిచ్చోడా!" అంటూ సుజాత పరుగెత్తుకొచ్చి తనే పీకేసింది.

మామ శాలువా కుర్చీలో విసిరేసి కూతురి వైపు తిరిగాడు. "రాత్రి నువ్వు చెప్పిన పిలగాడు గీడేనా? గీనికా నేను పిల్లనిచ్చేది?"

సుజాత తలవంచుకుంది. నిజంగా ఏడుపొచ్చింది. అప్పుడు రాజవ్వ కర్ర నేలకు తాటించి లేచింది.

"ఆగు పోశం. సచ్చినంక నా ఫోటో దండల ఎట్ల కనబడ్తదో అని నాకు ఎన్నడి సంది రంది. ఇయ్యాల కండ్లార చూసిన. మస్తు కనబడ్డది! సచ్చినంక చూసుకుంటనా? మీ నాయిన చూసుకున్నడా? పిల్లనియ్యి."

"అమ్మా, గీడు మన ఇంటిల్లిపాదికి దండేసిండే!"

"ఏసిండు. ఒక్కరన్న సచ్చిన్రా? గీని చెయ్యి సల్లటిది."

తల్లి మాట దాటే ధైర్యం మామకు లేదు. పెళ్లయింది. నా లాప్‌టాప్‌ను మాత్రం ఆ సన్మానం రోజే మామ బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు.

కాబట్టి చదువరులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా విండో దాటి ఎవరి స్క్రీన్ మీదా చుక్క కూడా పెట్టను, ప్రాణమున్న మనిషి ఫోటో దరిదాపుల్లో పువ్వన్నది గీయను. మొన్న రాజవ్వ ఫోన్ చేసి, ఈసారి మల్లెపూలతో ఒకటి చేసి చూపించమంది. ఫోన్‌లోనే కాళ్లు పట్టుకున్నంత పని చేసి కుదరదన్నాను.