రాళ్ల ప్రొఫెసరు, ఇంగువ డబ్బా

మెల్‌బోర్న్‌లో ఒక యూనివర్సిటీలో కెమిస్ట్రీ పాఠాలు చెబుతాను. కాలక్షేపానికి, అమెరికాలో సైన్సు చదువులు మొదలైన కొత్తలో ఒక ప్రొఫెసరుకి వచ్చిన ఉత్తరాలను ఇంటర్నెట్‌లో చదువుతుంటాను. ఇందులో వెండి ఉందా, బంగారం ఉందా, కాస్త చూసి చెప్పండంటూ ఊరూరి నుంచీ జనం ఆయనకు రాళ్లు పంపేవారు. పాపం, ఆయనకు వేరే పనే లేదనుకున్నారా అని నవ్వుకునేదాన్ని.

ఒక ఆదివారం ఇక్కడి కేరమ్ డౌన్స్ పేటలో ఉన్న గుళ్లో ప్రసాదం క్యూలో ఉంటే, తెలిసిన ఆంటీ ఒకావిడ నా చేతిలో ముద్ద ఇంగువ డబ్బా పెట్టింది.

"నువ్వు కెమిస్ట్రీ కదమ్మా, ఇది ఒరిజినలో కాదో కాస్త చూసి చెప్పు."

"ఆంటీ, నా రీసెర్చ్ బ్యాటరీల మీద!"

"ఏదైనా సైన్సే కదమ్మా. ల్యాబ్‌లో ఫ్రీగా ఉన్నప్పుడు చూడు."

ఒళ్లు మండింది. ఆ ప్రొఫెసరు ఎలా తప్పించుకున్నాడో చూద్దామని ఇంటికొచ్చి ఉత్తరాలు తిరగేశాను. ఒకాయన, పోయినసారి రాయి చూసిపెట్టినందుకు కృతజ్ఞతలు చెప్పి, ఇంకో రాయి పంపాడు. అంటే మహానుభావుడు తప్పించుకోలేదన్నమాట.

గొణుక్కుంటూనే ఇంగువ ముక్క నీళ్లలో వేశాను. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. అసలుదేనని ఆంటీకి ఫోన్ చేసి చెప్పాను.

మరుసటి ఆదివారం ఆవిడ, ఇదీ కాస్త చూసి చెప్పమంటూ, తేనె సీసా తెచ్చింది.