రుద్రమ్మ కొంగున ముడివేసిన మాత్రలు

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో మా పెద్దమ్మ రుద్రమ్మంత పొదుపరి ఇంకొకరు లేరు. తెగిన పోగును కూడా చుట్టి గూట్లో దాచేది. ఆ గుణమే 1985లో ఆమె ప్రాణం మీదికి తెచ్చింది.

రొమ్ములో గడ్డ కోసి తీశాక, మూడు వారాలకొకటి చొప్పున ఆరు క్యాన్సరు సూదులు వేయించుకోవాలన్నాడు కర్నూలు డాక్టరు. మొదటి సూదికే మూడు రోజులు వాంతులు. రెండోదానికి మంచినీళ్లు కూడా కడుపులో నిలవలేదు. మూడోది దగ్గర పడగానే పెద్దమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

"సస్తే సస్తా. ఆ సూదికి మాత్రం నేను రాను."

నాకు కోపమొచ్చింది. భయం అంతకంటే ఎక్కువ వేసింది. "నర్సు సారమ్మ వాంతి మాత్రలిచ్చింది గదా, ఏం చేసినావు?" అని నిలదీశాను.

ఆమె కొంగుముడి విప్పింది. మాత్రలు ఇంచుమించు అన్నీ అట్లే ఉన్నాయి. సూదికి గంట ముందు ఒకటి, తర్వాత రెండు రోజులు వాంతి వచ్చినా రాకపోయినా పూటకొకటి మింగమని సారమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

"రాని వాంతికి మాత్ర ఏంటికి దండగ? వచ్చినాక మింగితే అదీ బయటికే వచ్చె," అంది పెద్దమ్మ.

వాకిట్లో పడుగు పోగులకు గంజి పెడుతున్న పెద్దనాన్న సోమన్న కుంచె ఆపాడు.

"నలభై ఏండ్లు పడుగు పోసినావు. పోగు తెగినాక గంజి పెడతారా, తెగకుండా ముందే పెడతారా?"

పెద్దమ్మ లేచి కూర్చుంది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ముందు ఆ గంజి ఈడనుంచి తీయి. ఆ వాసనకే కడుపులో తిప్పుతాంది."

అంటే సూదికి వస్తానన్నట్టే. పెద్దనాన్న ఆ పూటే పడుగును పక్క సందులోకి మార్చాడు.

ఈసారి గంట ముందే మాత్ర మింగింది. ఖాళీ కడుపుతో ఉండొద్దన్నారని దారిలో గుప్పెడు బొరుగులు నమిలింది. ఇంట్లో వేడన్నం ఆవిరి పడక, చల్లారిన రాగిజావ కొంచెం కొంచెంగా తాగేది. వికారం రెండు రోజులుంది, వాంతి ఒక్కసారే అయింది. నాలుగో రోజు కారంగా ఊరుబిండి పచ్చడి కావాలని అడిగింది. పెద్దనాన్న ఆ మాట వీధంతా చెప్పుకొచ్చాడు.

ఆరో సూది అయిన నెలకు పెద్దమ్మ తనంతట తానే పక్క సందులోకి నడిచొచ్చింది. గంజి కుండ మూత తీసి, వంగి వాసన చూసింది. వాంతి వస్తుందేమోనని నేను నీళ్ల చెంబు అందుకున్నాను.

"పలసన కాసినారు. పోగులు నిలుస్తాయా? కుండ మన వాకిటికి తెండి, నేను చూసుకుంటా."

పెద్దనాన్న కళ్లు తుడుచుకుని, అప్పుడే కుండ ఎత్తుకున్నాడు.